గొట్టంలో నూనె ఎక్కువైతే తుపాకి పగులుతుందా?

కనిగిరి వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ తాతయ్యకు పంట కాపలా కోసం ఎప్పుడో ఇచ్చిన లైసెన్సు మీద 12 బోర్ జంట గొట్టాల తుపాకి ఉంది. 2024 ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేసి, ఫలితాలు వచ్చాక తెచ్చుకున్నారు. గొట్టాల లోపల తుప్పు చుక్కలు కనబడేసరికి వాళ్ళ మామయ్య కుట్టుమిషన్ నూనె సీసా తెచ్చి రెండింట్లోనూ ఒంపేసి, బీరువా పక్కన మూతి పైకి పెట్టి నిలబెట్టాడట. ఇప్పుడు మూతి కిందికి వంచితే నూనె కారుతోంది. "నూనె ఎంతుంటే అంత మంచిది, అట్నే కాల్చినా ఏం కాదు" అని మామయ్య. "గొట్టం పగిలి చెయ్యి పోద్ది" అని తాతయ్య. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అని అడిగాడు.

తమ్ముడూ, తాతయ్య మాట వినండి. నూనె కారుతున్న గొట్టంతో కాల్చకూడదు. అయితే ఆయన భయపడినంత సులువుగా 12 బోర్ గొట్టం ఒట్టి నూనెకే పగిలిపోదు. చాలాసార్లు మొదటి దెబ్బకు గుప్పున తెల్లటి పొగ వస్తుంది, నూనె తుంపర ఎగురుతుంది, అంతటితో సరిపోతుంది. అలా సరిపోయిన వాళ్ళే మీ మామయ్యలా మాట్లాడతారు. సరిపోని గొట్టాలు కూడా నేను చూశాను. వేలితో తాకితే జిడ్డు తెలిసేంత పలుచటి పొరతో ప్రమాదం లేదు. చుక్కగా జారేటంత, మడుగు కట్టేటంత ఉంటే ప్రమాదం ఉంది. రైఫిల్ అయితే ఇంకా ఎక్కువ.

నేను ఇరవై రెండేళ్ళు ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, చేశాను. ట్రైనింగ్ సికింద్రాబాద్‌లో, ఆర్మీ యంత్రాలూ ఆయుధాలూ బాగుచేసే ఈఎంఈ విభాగం సెంటర్లో. రిటైరై కావలి వచ్చాక తొమ్మిదేళ్ళు సెక్యూరిటీ గార్డుల తుపాకులు చూసే పని చేశాను. నూనె తక్కువై పాడైన తుపాకులు నా చేతికి ఎన్ని వచ్చాయో, నూనె ఎక్కువై పాడైనవీ దాదాపు అన్నే వచ్చాయి.

ముందు అసలు కారణం చెప్తాను. గాలిని నొక్కితే నలుగుతుంది, నూనెను నొక్కితే నలగదు. తూటా పేలినప్పుడు ముందున్న గాలిని తోసేయడం తేలిక. అదే దారిలో నూనె ముద్దగా ఉంటే, అది పక్కకు తప్పుకునేంత టైమ్ ఉండదు. లెక్క వేసుకోండి. 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ గుండు బరువు తొమ్మిది గ్రాముల పైచిలుకు. ఒక చిన్న చెంచాడు నూనె, అంటే 5 మిల్లీలీటర్లు, నాలుగున్నర గ్రాములు తూగుతుంది. గుండు బరువులో సగం బరువున్న ఇంకో అడ్డం అన్నమాట, సెకనుకు 800 మీటర్ల వేగం అందుకోబోతున్న గుండుకు ఎదురుగా. గుండు ఒక్క క్షణం తడబడితే చాలు, వెనక నుంచి తోసుకొస్తున్న గ్యాసు అక్కడే పోగై గొట్టాన్ని లోపల్నుంచి ఉబ్బిస్తుంది. దీన్నే మేము రింగు పడిందంటాం. పాము కప్పను మింగితే మధ్యలో ఉబ్బినట్టు కనబడుతుంది.

12 బోర్‌లో ఒత్తిడి తక్కువే. తక్కువంటే లారీ టైరులో 110 పౌండ్ల గాలి కొడతారే, దానికి ఓ వంద రెట్లు. రైఫిల్లో అయితే నాలుగైదు వందల రెట్లు. ఆ లెక్కన 12 బోర్ సేఫ్ అనిపిస్తుంది కదా. కానీ దాని గొట్టం కూడా పలుచన. తూటా కూర్చునే ఛాంబర్ దగ్గర గోడ దిట్టంగా ఉన్నా, మూతి వైపు పోయేసరికి మిల్లీమీటరుకు అటూ ఇటూ. అక్కడికి వచ్చేసరికి ఒత్తిడి పడిపోతుంది కాబట్టి అంత పలుచగా చేస్తారు. మూతి వంచితే నూనె చేరేదేమో సరిగ్గా అక్కడే. మూతి కిందికి పెట్టి దాచితే నూనెంతా చోక్ దగ్గరికి, అంటే గొట్టం మూతి దగ్గర కొంచెం సన్నబడే చోటికి దిగుతుంది. జంట గొట్టాల తుపాకుల్లో మామూలుగా ఎడమ గొట్టానికి చోక్ బిగువు ఎక్కువ. అందుకే తుపాకి నా చేతికిస్తే నేను మొదట ఎడమ గొట్టమే చూస్తాను.

ఉదయగిరి కొండల కింద ఒక పల్లె నుంచి ఒకాయన తుపాకి తెచ్చాడు. ఏళ్ళ తరబడి గొట్టానికి ఆముదం పట్టిస్తున్నాడు. "మా నాయన కూడా అదే పట్టించేవాడు" అన్నాడు. ఆముదం బంక కట్టి, లోపల వార్నిష్ వేసినట్టు పసుపు రంగులో మెరుస్తోంది. ఒకరోజు పాత బనియన్ ముక్కతో తుడుస్తుంటే ఆ బంకకు పీలిక ఒకటి పట్టుకుని లోపలే ఉండిపోయింది. ఆయన చూడలేదు. ఇంకొంచెం నూనె పోసి పెట్టేశాడు. చేలో పందులు పడ్డాయని రాత్రి బెదిరించడానికి పైకి పేల్చాడు. చప్పుడు ఎప్పటిలా లేదట, "డొల్లుగా వచ్చింది సార్" అన్నాడు. అరచెయ్యి చురుక్కుమంది గానీ ఏమీ కాలేదు, ఎడమ చెయ్యి అంత ముందుకు పెట్టలేదు కాబట్టి. గొట్టం మీద వేళ్ళు జరుపుతూ వెళ్తే మూతికి జానెడు వెనక ఒక చోట వేలు లేచి దిగింది. లోపలికి చూస్తే సరిగ్గా ఆ చోట నల్లటి చేతిగాజులాంటి నీడ. ఆ గొట్టం ఇక పనికిరాదు. నూనె వల్లా, గుడ్డ వల్లా అంటే రెండూ. గుడ్డ అడ్డం పడింది, దాన్ని పట్టుకున్నది నూనె, కనబడకుండా చేసిందీ నూనే.

ఎక్కువ నూనెతో నాకున్న పెద్ద భయం ఇదే, అది దాచిపెట్టే చెత్త. మన దగ్గర కుమ్మరి పురుగు ఊరుకోదు. తలుపు గొళ్ళెం బొక్కలో, స్విచ్ బోర్డులో, గోడకు ఆనించిన తుపాకి మూతిలో కూడా మట్టి గూడు కడుతుంది. నూనె మరకల మధ్య ఆ మట్టి ఇంకా తుప్పే అనిపిస్తుంది. గూడు అడ్డంగా ఉన్న గొట్టంతో కాలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక ఛాంబర్ సంగతి. గొట్టం తుడిచేవాళ్ళు కూడా దీన్ని మర్చిపోతారు. పేలగానే తూటా డొప్ప ఉబ్బి ఛాంబర్ గోడల్ని గట్టిగా పట్టుకుంటుంది. వెనక్కి తన్నే బలంలో కొంత ఆ పట్టే మోస్తుంది. గోడలకు నూనె ఉంటే పట్టు జారి, బలమంతా రైఫిల్లో అయితే తూటా వెనక మూసే బోల్టు మీదో, 12 బోర్‌లో అయితే గొట్టాల వెనక ఆనే తుపాకి ముఖం మీదో పడుతుంది. పాత లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను ఫ్యాక్టరీలో పరీక్షించేటప్పుడు మామూలు కంటే ఘాటైన తూటాను ఒకటి పొడిగా, ఒకటి నూనె పూసి పేల్చేవారు. నూనె పూస్తే బోల్టు మీద బరువు పెరుగుతుందని తెలిసే, తట్టుకుంటుందో లేదో చూడటానికి. ఫ్యాక్టరీలో కట్టేసి చేసే పరీక్షను మనం చెంప ఆనించి చేయడం దేనికి? 12 బోర్‌లో ఒక్క దెబ్బకు ఏమీ కాకపోవచ్చు. అలాగే కాలుస్తూ పోతే మడత దగ్గర వదులొచ్చి, తుపాకి మూసినా గొట్టాలు కదులుతూ ఉంటాయి.

మా రోజుల్లో ఈ విషయం చర్చ పెట్టి ఎవరూ చెప్పలేదు, చేతికి అలవాటు చేశారు. పుల్‌త్రూకి, అంటే గొట్టం తుడవడానికి లోపల్నుంచి లాగే తాడుకి, పెట్టే గుడ్డను చిందీ అంటాం. పొడిగా తుడవడానికి నాలుగంగుళాలు బై రెండు, నూనె రాయడానికి నాలుగు బై ఒకటిన్నర. నూనె గుడ్డ ఎందుకు చిన్నదో కొత్తలో నాకు అర్థం కాలేదు, గుడ్డ ఆదా అనుకున్నాను. బిగుతుగా ఉంటే రాసిన నూనెను అదే తుడిచేస్తుంది, కొంచెం వదులుగా ఉంటేనే పొర నిలుస్తుంది. రేంజికి వెళ్ళే రోజు మాత్రం పొడి చిందీ లాగకుండా ఎవర్నీ ఫైరింగ్ పాయింటు దగ్గర పడుకోనిచ్చేవారు కాదు. ఒకసారి ఒక కుర్రాడు నిద్రమత్తులో ఆ పని ఎగ్గొట్టాడు. మొదటి గుండుకి నీలిపొగ, గుండు మిగతా నాలుగింటికీ జానెడు దూరంలో పడింది. రైఫిల్ జీరో, అంటే గురి సర్దుబాటు, పోయిందని వాడు ఒకటే టెన్షన్. మాకు నేర్పే ఉస్తాద్ వచ్చి మూతి దగ్గర వేలు పెట్టి, ఆ నూనె వేలును వాడి ముక్కుకు రాసి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు.

వానలో నీళ్ళకు కూడా ఇదే లెక్క. 5.56 మిల్లీమీటర్ల రైఫిల్ లాంటి సన్న గొట్టంలో నీళ్ళు పడితే మూతి వంచినంత మాత్రాన కారవు, స్ట్రాకు పైన వేలు మూస్తే నీళ్ళు నిలిచినట్టు నిలుస్తాయి. బోల్టు కాస్త వెనక్కి లాగి గాలి చొరనిస్తేనే దిగుతాయి. మీ 12 బోర్‌కు ఈ ఇబ్బంది లేదు, గొట్టం వెడల్పు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు.

మరి నూనె ఎంత రాయాలి? మీ గొట్టం పొడవు 30 అంగుళాలు అనుకుందాం. లోపలి గోడ మొత్తం విస్తీర్ణం దాదాపు 440 చదరపు సెంటీమీటర్లు. దాని మీద మిల్లీమీటరులో రెండు వందల వంతు మందాన పొర వేయడానికి కావలసిన నూనె 0.22 మిల్లీలీటర్లు. అంటే ఒక్కో గొట్టానికి నాలుగైదు చుక్కలు. మీ మామయ్య ఒంపిన సీసా 100 మిల్లీలీటర్లదైతే నాలుగైదు వందల సార్లకు సరిపోయే నూనె ఒక్క పూటలో అయిపోయింది.

మామయ్యను పూర్తిగా తప్పుపట్టను. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో నూనె లేకుండా తుపాకి నిలవదు. కావలి, సింగరాయకొండ, ఇటు నెల్లూరు దాకా నవంబరు వానల్లో మూడు రోజులు వదిలేస్తే చాలు, వేలిముద్రలు పడ్డ చోటల్లా ఎర్రగా లేస్తుంది. కనిగిరిలో ఆ ఉప్పు గాలి లేదు గానీ, తుపాకిని గుడ్డ కవర్లో చుట్టి అలాగే ఉంచితే ఆ గుడ్డే చెమ్మ పీల్చి అంటిస్తుంది. కాబట్టి నూనె రాయాల్సిందే. అది దాచే తుపాకికి. కాల్చే ముందు తీసేయాలి. ఈ రెండింటినీ ఒకటి చేయడం దగ్గరే గొడవంతా.

ఏ నూనె అని చాలామంది అడుగుతారు. మిషన్ నూనె మంచిదే, పలుచటి మినరల్ ఆయిల్, బంక కట్టదు. మామయ్య ఎంచుకున్నది సరైనదే, కొలతే తప్పింది. కొబ్బరినూనె వద్దు. మార్గశిరం చలికి సీసాలో గడ్డకట్టేది గొట్టంలో కట్టదా? పైగా మక్కిపోతుంది. వేరుశనగ నూనె, ఆముదం బంక కడతాయి. స్ప్రే డబ్బాలు నీటిని తరిమేయడానికి బాగుంటాయి గానీ నెలల తరబడి కాపాడవు. కిరసనాయిలు పాత బంకను కరిగించడానికి మాత్రమే, అదే రాసి వదిలేస్తే పది రోజుల్లో ఆరిపోయి ఇనుము బోసిగా నిలబడుతుంది.

ఇప్పుడు మీ తుపాకి దగ్గరికి వద్దాం. లైసెన్సు తాతయ్య పేరున ఉంది కాబట్టి చేత్తో పట్టేది ఆయనే, మీరు పక్కన కూర్చుని గుడ్డలు అందించండి. తుపాకి మడత తెరిచి రెండు ఛాంబర్లూ ఖాళీ అని కళ్ళతో చూడండి, వేలితో కూడా తడమండి. తూటాలు వేరే గదిలో పెట్టండి. గొట్టాల కింద ముందు వైపు ఉండే చిన్న కర్ర తీసి గొట్టాలు విడదీయడం తాతయ్యకు వచ్చే ఉంటుంది. విడదీసిన గొట్టాల్ని పాత పేపర్ల మీద మూతి కిందికి పెట్టి గోడకు ఆనించి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు పేపరు మీద ఎంత నూనె చేరిందో మామయ్యకు చూపించండి.

తర్వాత శుభ్రమైన నూలు గుడ్డ ముక్కలతో ఛాంబర్ వైపు నుంచి మూతి వైపుకు తోయండి. గుడ్డ పొడిగా బయటికొచ్చేదాకా. లోపలికి వెళ్ళిన ముక్కలు ఎన్ని, బయటికొచ్చినవి ఎన్ని, లెక్కపెట్టండి. ఉదయగిరి ఆయన ఈ ఒక్క పని చేసి ఉంటే గొట్టం దక్కేది. ఛాంబర్లను వేలికి గుడ్డ చుట్టి విడిగా తుడవండి. తూటా డొప్పను బయటికి తోసే ఎక్స్‌ట్రాక్టర్ కింద కూడా నూనె దాక్కుంటుంది, దాన్ని లాగి తుడవండి.

అయ్యాక గొట్టాల్లోంచి ఆకాశం వైపు చూడండి, సూర్యుడి వైపు కాదు. వెలుతురు వలయాలు వలయాలుగా, నీటుగా మూతి దాకా వెళ్ళాలి. ఎక్కడైనా ఒక వలయం వంకరపోయినా, నల్లటి గాజులా నీడ కనబడినా కాల్చే ఆలోచన మానుకుని లైసెన్సు ఉన్న డీలరుకు చూపించండి. ఇంకొక పరీక్ష ఉంది, నాకు ఇష్టమైనది. గొట్టాలను కొక్కెం దగ్గర తాడుతో వేలాడదీసి గోటితో కొట్టండి. గుడి గంట తగ్గి మోగినట్టు సన్నగా మోగాలి. పగిలిన కుండను కొట్టినట్టు 'డబ్'మంటే రెండు గొట్టాల్నీ కలిపే పట్టీ ఎక్కడో ఊడిందని అర్థం. సంతలో కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు చేసే పరీక్షే ఇది.

తుప్పు చుక్కల గురించి. పైపై ఎరుపు గుడ్డకు వచ్చేస్తే భయం లేదు. గుడ్డకు రాకుండా గుంటల్లా మిగిలితే, గోరు తట్టుకునేంత లోతుంటే డీలరు చూడాలి. ఇసుక కాగితం పెట్టి రుద్దకండి. ఉన్న మందమే మిల్లీమీటరు అని పైన చెప్పాను కదా.

కర్ర సంగతి కూడా చూసుకోండి. బీరువా పక్కన మూతి పైకి పెట్టి ఉంచారంటున్నారు. అప్పుడు నూనె కిందికి దిగి ఛాంబర్లు దాటి, తూటాను కొట్టే సూది ఉండే బొక్కల్లోంచి లోపలి సామానులోకి, అక్కణ్ణుంచి కర్రలోకి పోతుంది. ఒక బ్యాంకు గార్డు తుపాకి ఇలాగే పోయింది. రోజూ ఉదయం డ్యూటీకి రాగానే శ్రద్ధగా నాలుగు చుక్కలు వేసి మూలన నిలబెట్టేవాడు. ఆరేళ్ళు. ప్రాక్టీసు రోజున ఒకటే దెబ్బ, కర్ర మెడ దగ్గర చీలింది. విప్పి చూస్తే లోపలి చెక్క నల్లబడి, నానిన అటుకుల్లా గోటికి వచ్చేస్తోంది. ఆయన బాధ చూడలేకపోయాను, శ్రద్ధకు వచ్చిన నష్టం అది. మీ తుపాకి కర్ర ఇనుముకు ఆనే చోట నల్లగా, మెత్తగా ఉందేమో నొక్కి చూడండి. సూది బొక్కల దగ్గర నూనె, దుమ్ము కలిసి మడ్డి కడితే సూది బలంగా కొట్టదు, క్లిక్ మంటుంది తప్ప పేలదు.

క్లిక్ అంటే గుర్తొచ్చింది. ఆ తుపాకిలో తూటాలు పెట్టి ఉంచలేదు కదా? ఉంచి ఉంటే ఆ తూటాలు వాడకండి. నూనె తూటా అడుగున ఉండే క్యాపులోకి ఇంకితే మందు చస్తుంది. పూర్తిగా చస్తే పీడా పోయింది, సగం చచ్చిన దానితోనే ప్రమాదం. ట్రిగ్గర్ నొక్కితే పేలదు, ఏమైందా అని తెరవబోయే లోపు పేలుతుంది. అందుకే పేలని తూటాతో వెంటనే తెరవకూడదు. మూతి ఎవరూ లేని వైపుకు ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. నూనె తగిలిన తూటాలను పడేయకండి, మంటలో వేయకండి, పాతిపెట్టకండి. లెక్క లైసెన్సు పుస్తకంలో ఉంటుంది కాబట్టి డీలరు దగ్గరో స్టేషన్లోనో అడిగి అప్పగించండి.

ఇంట్లో పిల్లల గాలి తుపాకి ఉంటే దానికీ మామయ్య నూనె పోయకుండా చూడండి. స్ప్రింగు గాలి తుపాకిలో పిస్టన్ ముందు నూనె చేరితే, నొక్కుడు వేడికి అంటుకుంటుంది. బోరుబావి దగ్గర డీజిల్ ఇంజను స్పార్క్ ప్లగ్గు లేకుండా ఎలా మండుతుందో అలాగే. చప్పుడు పెద్దగా వస్తుందని పిల్లలు సంబరపడతారు, నాలుగు రోజుల్లో వాషరు కాలి స్ప్రింగు విరుగుతుంది.

పందుల కోసమే తుపాకి తీస్తున్నామంటే ఒక మాట. అడవి పంది వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. పంట కాపలా లైసెన్సు ఉన్నా పందిని కొట్టడానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. ఆ ఆఫీసు చుట్టూ తిరగడం ఎట్టా ఉంటుందో నాకు తెలుసు, అయినా తప్పదు.

అంతా తుడిచి, పరీక్షలన్నీ సరిపోయాక, దాచడానికి ఒక్కో గొట్టానికి నాలుగైదు చుక్కలు గుడ్డ మీద వేసి లాగండి. మొదటి రాత్రి మూతి కిందికి ఉంచండి. తీసి కాల్చాల్సి వచ్చిన రోజు మళ్ళీ పొడి గుడ్డ లాగాలి, రెండు గొట్టాలకూ, ఛాంబర్లకూ. గోటి పరీక్ష చేశాక గంటలా మోగిందో కుండలా మోగిందో ఇక్కడే రాయండి, కర్ర మెడ దగ్గర రంగు ఎలా ఉందో కూడా. అవి తెలిస్తే డీలరు దాకా పోవాలో అక్కర్లేదో చెప్పగలను.